కాలని కొయ్య కోట: హిమేజీ నాలుగు వందల ఏళ్ళ నిలకడ వెనుక

1945 జులై 3, అర్ధరాత్రి. జపాన్‌లోని హిమేజీ పట్టణం మీదకు అమెరికా బి-29 విమానాలు వచ్చాయి. అవి జారవిడిచినవి గోడలను పేల్చే బాంబులు కావు, ఇళ్ళకు నిప్పంటించే బాంబులు. చెక్క ఇళ్ళు, కాగితపు తలుపులు ఉన్న ఊరు అది. మర్నాడు తెల్లవారేసరికి పట్టణం చాలా భాగం బూడిదైపోయింది. ఆ బూడిద నడుమ, చిన్న గుట్ట మీద, ఊరి కోట మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కోట పై అంతస్తు మీద కూడా ఒక బాంబు పడింది. అది అంటుకోలేదు.

ఆ రాత్రి కోట బతికిపోవడం అదృష్టమే. అందులో సందేహం లేదు. కానీ అదృష్టం ఒక రాత్రికి సరిపోతుంది, నాలుగు శతాబ్దాలకు సరిపోదు. హిమేజీ కోటలో ఇప్పుడు మనం చూసే ప్రధాన భవనం 1609లో పూర్తయింది. అది రాతి కట్టడం కాదు. రాతి పీఠం మీద నిలబెట్టిన చెక్క భవనం. చెక్కకు శత్రువులు ఎందరో మనకు తెలుసు: నిప్పు, నీరు, చెదలు, బూజు. జపాన్‌లో వీటికి భూకంపాలు, తుపాన్లు కూడా తోడు. ఇన్నిటి మధ్య ఒక కొయ్య కోట ఇన్నేళ్ళు ఎలా నిలిచింది? ఈ ప్రశ్నకు జవాబులో కొంత చరిత్ర ఉంది, కొంత రసాయన శాస్త్రం ఉంది, కొంత భౌతిక శాస్త్రం ఉంది. మరికొంత మనుషుల మొండితనం కూడా ఉంది.

గుట్ట మీద మూడు కోటలు

హిమేజీ పట్టణం జపాన్ పశ్చిమ భాగంలో, హ్యోగో రాష్ట్రంలో ఉంది. పాత రాజధాని క్యోటో నుంచి పడమటి సీమలకు వెళ్ళే దారి ఇటుగానే పోతుంది. అందుకే ఇక్కడి హిమెయమా గుట్ట ఎత్తు 45 మీటర్లే అయినా దాని మీద అందరి కన్నూ ఉండేది. 1333లో అకమత్సు నొరిమురా అనే సేనాని ఇక్కడ మొదట ఒక చిన్న దుర్గం కట్టాడనీ, 1346లో ఆయన కొడుకు దాన్ని కోటగా మార్చాడనీ చెబుతారు.

16వ శతాబ్దంలో జపాన్ అంతా ముక్కచెక్కలై, ప్రభువులు ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకుంటున్న కాలంలో ఈ కోట కురొదా వంశం చేతిలో ఉంది. 1580లో కురొదా కన్‌బేయ్ దీన్ని తొయొతొమి హిదెయొషికి అప్పగించాడు. తర్వాత జపాన్‌ను ఏకం చేసిన హిదెయొషి అప్పటికి ఇంకా ఎదుగుతున్న సేనాని. ఆయన ఇక్కడ మూడు అంతస్తుల బురుజు భవనం కట్టించాడు.

1600లో సెకిగహర యుద్ధం జరిగింది. గెలిచిన తొకుగవ ఇయెయసు, తన అల్లుడు ఇకెద తెరుమసాకు ఈ ప్రాంతాన్ని ఇచ్చాడు. తెరుమసాకు దక్కిన సీమ రాబడి 5,20,000 కొకులు. కొకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండిగా లెక్కవేసే కొలత. అప్పట్లో జపాన్‌లో ప్రభువుల సంపదను డబ్బుతో కాక ఇలా బియ్యంతో కొలిచేవారు. అంత రాబడి ఉన్న ప్రభువు 1601లో పాత కోటను విప్పించి పని మొదలుపెట్టాడు. 1609కి ఇప్పటి కోట తయారైంది. తర్వాత 1617లో వచ్చిన హొందా తదమసా పడమటి ఆవరణను చేర్చాడు. ఇయెయసు మునిమనవరాలు కాదు, మనవరాలే అయిన సెన్‌హిమే ఈ వంశపు కోడలిగా అక్కడే నివసించింది.

ఒక ప్రధాన భవనం, దాని చుట్టూ మూడు చిన్న భవనాలు, వాటిని కలుపుతూ పైకప్పు ఉన్న నడవలు. ఇదీ కోట నడిబొడ్డు. ఆవరణ మొత్తంలో 80కి పైగా కట్టడాలు మిగిలి ఉన్నాయి. తెల్లటి గోడలతో, రెక్కలు విప్పినట్టున్న కప్పులతో కనబడే ఈ కోటను జపాన్ వారు షిరసగి కోట అంటారు. షిరసగి అంటే తెల్ల కొంగ.

నిట్రాళ్ళ మీద నిలబడ్డ మేడ

ప్రధాన భవనం బయటి నుంచి చూస్తే అయిదు అంతస్తులు. లోపలికి వెళ్తే ఆరు, నేలమాళిగతో కలిపి ఏడు. రాతి పీఠం ఎత్తు 15 మీటర్లకు కాస్త తక్కువ. దాని పైన చెక్క భవనం 31.5 మీటర్లు. మొత్తం 46 మీటర్ల పైచిలుకు. భవనం బరువు సుమారు 5,700 టన్నులు.

ఇంత బరువును మోసే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. మన పూరింటికి మధ్యలో నిట్రాడు ఉంటుంది కదా, కప్పు భారమంతా దాని మీదే పడుతుంది. హిమేజీ కోటకు అలాంటి నిట్రాళ్ళు రెండు: తూర్పు మహాస్తంభం, పడమటి మహాస్తంభం. ఒక్కొక్కటి 24.6 మీటర్ల ఎత్తు. మొదలు దగ్గర సుమారు 95 సెంటీమీటర్ల మందం. నేలమాళిగలో మొదలై పై అంతస్తు నేల దాకా ఇవి నేరుగా లేచి వెళ్తాయి. ప్రతి అంతస్తు దూలాలూ వీటికి వచ్చి కలుస్తాయి.

అంతస్తు మీద అంతస్తు పేర్చినట్టు కడితే, పక్కకు తోసే బలం వచ్చినప్పుడు ప్రతి అతుకూ ఒక బలహీన స్థలమే. ఒక అంతస్తు ఒకవైపు, పై అంతస్తు మరోవైపు ఊగితే భవనం విడిపోతుంది. కింది నుంచి పైదాకా పోయే స్తంభాలు అంతస్తులన్నిటినీ ఒకే దండలో గుచ్చినట్టు కలిపి ఉంచుతాయి.

ఇక దూలాలు, స్తంభాలు కలిసే చోట్ల పని ఎక్కువగా కుసులది. ఒక కర్ర చివర కుసి చెక్కి, రెండో కర్రలో తొలిచిన బెజ్జంలో దిగ్గొడతారు. ఇలాంటి అతుకు పూర్తిగా బిగుసుకుపోదు. భవనం ఊగినప్పుడు చెక్క మీద చెక్క కొద్దిగా జరుగుతుంది, ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిలో ఊపు తాలూకు శక్తి కొంత వేడిగా మారి పోతుంది. ఊయలను వదిలేస్తే గాలి నిరోధం వల్ల, కొక్కెం దగ్గరి ఒరిపిడి వల్ల మెల్లగా ఆగిపోయినట్టే, వందలాది అతుకులున్న చెక్క భవనం కూడా తన ఊపును తానే తగ్గించుకుంటుంది. పైగా బరువుతో పోల్చి చూస్తే చెక్క చాలా బలమైన పదార్థం. భూకంపంలో భవనం మీద పడే బలం దాని ద్రవ్యరాశిని బట్టి పెరుగుతుంది కాబట్టి, తేలిక అన్నది అక్కడ పెద్ద వరం.

సున్నం, జిగురు లేని రాతి గోడ

చెక్క భవనం కింద ఉన్న రాతి పీఠం మరో రకం ఆలోచన. ఈ రాళ్ళ మధ్య సున్నం లేదు, బంకమట్టి లేదు. రాయిని రాయి తన బరువుతోనే పట్టి ఉంచుతుంది. పీఠం అడుగున వాలుగా మొదలై, పైకి వెళ్ళేకొద్దీ నిటారుగా మారుతుంది. విప్పిన విసనకర్ర అంచులా ఉంటుంది కాబట్టి జపాన్ వారు దీన్ని విసనకర్ర వాలు అంటారు. ఎక్కడానికి మొదట సులువనిపించి, పైకి పోయేకొద్దీ శత్రువుకు పట్టు దొరకదు. అదే సమయంలో, లోపలి మట్టి బయటకు తోసే ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది కాబట్టి, అడుగున గోడ ఎక్కువ వాలి ఉండటం కట్టడానికీ మేలే.

ఈ గోడ వెనుక గులకరాళ్ళ పొర ఉంటుంది. వాన పడ్డప్పుడు నీరు ఆ పొరలోంచి దిగి, రాళ్ళ సందుల్లోంచి బయటకు పోతుంది. నీరు పోయే దారి లేని గోడ వెనుక మట్టి తడిసి, బరువెక్కి, నీటి ఒత్తిడితో గోడను పడదోస్తుంది. కొండ రోడ్ల పక్కన కట్టే గోడలకు మన ఇంజనీర్లు గొట్టాలు పెట్టి బెజ్జాలు వదిలేది కూడా ఇందుకే.

ఇన్ని రాళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? దొరికినచోటి నుంచల్లా వచ్చాయి. కోట గోడల్లో పాత సమాధుల రాతి పెట్టెలు, రాతి దీపస్తంభాల ముక్కలు కూడా కనిపిస్తాయి. హిదెయొషి కాలంలో రాళ్ళు చాలక ఇబ్బంది పడుతున్నారని విని, ఒక పేద ముసలమ్మ తన తిరగలి రాయిని ఇచ్చేసిందని ఒక కథ ఉంది. ఆ కథ విని ఊరివాళ్ళంతా రాళ్ళు తెచ్చి ఇచ్చారట. నిజమెంతో గానీ, వల కప్పి జాగ్రత్త చేసిన ఆ తిరగలి రాయిని ఇప్పటికీ గోడలో చూపిస్తారు.

తెలుపు వెనుక రసాయనం

కోటకు కొంగ పేరు తెచ్చిన తెలుపు, అందం కోసం మాత్రమే పూసింది కాదు. అది నిప్పుకు అడ్డుగోడ.

జపాన్ కోటల గోడలు మన పల్లెల్లోని తడిక గోడలకు పెద్దన్నయ్యలు. వెదురు బద్దలతో తడిక అల్లి, గడ్డి కలిపిన మట్టిని పొరలు పొరలుగా మెత్తుతారు. ఆ మట్టి గోడ మీద షిక్కుయి అనే తెల్లటి పూత పూస్తారు. ఇందులో ప్రధాన పదార్థం సున్నం. గుల్లలను కాల్చి చేసిన సున్నం కూడా వాడతారు, కోస్తాలో మన పెద్దలు వాడిన గుల్ల సున్నం లాగే. దానికి నార పోగులు, సముద్రపు నాచును ఉడికించి తీసిన జిగురు కలుపుతారు.

ఒక్కో పదార్థానికీ ఒక్కో పని ఉంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు కలిపితే కుతకుతమంటూ వేడెక్కి తడిసున్నంగా మారుతుంది. దాన్ని గోడకు పూస్తే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్‌గా, అంటే రాయిగా మారుతుంది. ఈ చర్య పైపొరలో మొదలై నెలల తరబడి, ఏళ్ళ తరబడి లోపలికి సాగుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, రాయిని కాల్చి మెత్తని ముద్ద చేసి, గోడ మీద మళ్ళీ రాయిని చేస్తున్నాం.

ఆరేటప్పుడు సున్నం కుంచించుకుని పగుళ్ళిస్తుంది. నార పోగులు ఆ పగుళ్ళను పట్టి ఆపుతాయి. నాచు జిగురు నీటిని తొందరగా ఆరిపోనివ్వదు, తాపీ కింద పూత నున్నగా సాగేలా చేస్తుంది. మన దక్కన్‌లో సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపినట్టే, సముద్రం చుట్టూ ఉన్న జపాన్‌లో నాచు కలిపారు. హిమేజీ పని మొదలవడానికి పదేళ్ళ ముందు, 1591లో కట్టిన చార్మినార్ అలంకారాలు కూడా సున్నపు పనే. రెండు దేశాల తాపీ మేస్త్రులు ఒకరినొకరు ఎరగరు. అయినా ఇద్దరూ నమ్మింది ఒకే రసాయన చర్యను.

సున్నం మండదు. కింద మట్టి మండదు. 16వ శతాబ్దం మధ్యలో జపాన్‌కు తుపాకులు వచ్చాయి, వాటితో పాటు నిప్పు భయం పెరిగింది. అందుకే హిమేజీలో గోడలకే కాదు, చూరు కింద కనబడే వాసాలకు, కిటికీ ఊచలకు కూడా సున్నం పూసి, బయటికి చెక్క వీలైనంత కనబడకుండా చేశారు. కప్పు మీద పెంకుల అతుకులకు సైతం ఇదే సున్నం. గాలివానకు పెంకులు లేచిపోకుండా అది పట్టి ఉంచుతుంది. దూరం నుంచి చూసినప్పుడు కప్పులు కూడా తెల్లగా మెరవడానికి కారణం ఇదే. ఇన్ని చేసినా, కప్పు కొనల మీద చేప ఆకారపు బొమ్మలు పెట్టడం మానలేదు. నిప్పంటుకుంటే అవి నీళ్ళు చిమ్ముతాయని అప్పటి నమ్మకం.

యుద్ధమే చూడని యుద్ధ కోట

కోటలోకి వెళ్ళేవారు ఎదురుగా ప్రధాన భవనాన్ని చూస్తూనే ఉంటారు, కానీ అక్కడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. దారి మెలికలు తిరుగుతుంది, వెనక్కు మళ్ళుతుంది, ఉన్నట్టుండి ఇరుకైన గుమ్మంలోకి దించుతుంది. గుమ్మాలకు జపాన్ పాత అక్షరమాల వరుసలో పేర్లు పెట్టారు. ప్రతి మలుపులోనూ గోడల్లో బెజ్జాలు కనిపిస్తాయి: గుండ్రనివి, మూడు మూలలవి, నలుచదరంవి, నిలువు చీలికలు. నిలువువి బాణాలకు, మిగతావి తుపాకులకు. ఇప్పటికీ ఇవి వెయ్యి దాకా మిగిలాయి. లోపలివైపు వెడల్పుగా, బయటివైపు సన్నగా ఉండటం వల్ల లోపలి మనిషి తుపాకిని అటూ ఇటూ తిప్పగలడు, బయటి మనిషికి గురి చిక్కదు.

ఇంత చేసినా ఈ కోట మీద చెప్పుకోదగ్గ ముట్టడి ఒక్కటీ జరగలేదు. కోట పూర్తయిన కొద్ది కాలానికే దేశంలో శాంతి వచ్చింది. తొకుగవ వంశ పాలన 1868 దాకా సాగింది. ఆ ఏడాది పాలన మారినప్పుడు కూడా హిమేజీ పెద్దగా పోరాడకుండానే లొంగిపోయింది.

వేలంలో 23 యెన్‌లు

కోటకు అసలు ప్రమాదం శత్రువుల నుంచి కాదు, నిర్లక్ష్యం నుంచి వచ్చింది. కొత్త మెయిజీ ప్రభుత్వానికి కోటలు పాత ప్రభువుల అహంకారానికి గుర్తులు, పైగా దండుగ ఖర్చు. 1873లో ప్రభుత్వం చాలా కోటలను రద్దు చేసింది. దేశమంతటా కోటలను విప్పి కలపగా, పెంకులుగా అమ్మేశారు. హిమేజీ కోటను కూడా ఆ రోజుల్లో 23 యెన్‌ల 50 సెన్‌లకు ఒక వ్యాపారి వేలంలో కొన్నాడని చెబుతారు. పెంకులు, ఇనుము అమ్ముకుందామని ఆయన ఆశ. లెక్క వేసుకుంటే విప్పే కూలే అంతకంటే ఎక్కువ తేలింది. వదిలేశాడు. అలా విప్పడానికయ్యే ఖర్చు ఎక్కువ కావడమే కోటను కాపాడింది.

సైన్యం కోట ఆవరణను తీసుకుని, కింది భాగంలోని పాత భవనాలను పడగొట్టి బారకాసులు కట్టింది. ప్రధాన భవనం వాన నీరు కారుతూ, కప్పుల మీద గడ్డి మొలుస్తూ పాడుబడుతోంది. అప్పుడు నకమురా షిగెతొ అనే సైనికాధికారి ముందుకొచ్చాడు. హిమేజీ, నగోయా కోటలు దేశానికి గర్వకారణమనీ, వాటిని నిలబెట్టాలనీ 1878లో సైనిక మంత్రికి అర్జీ పెట్టాడు. ప్రభుత్వం ఒప్పుకుంది. ఈ పని చేసిన ఆయన పేరుతో కోటలో ఒక స్మారక శిల ఉంది. తర్వాత ఊరి జనం కూడా కదిలారు. 1910లో 90 వేల యెన్‌ల పైచిలుకు ఖర్చుతో మరమ్మతు మొదలై, మరుసటి ఏడాది పూర్తయింది.

నకమురా అర్జీలోని రెండో కోట సంగతి కూడా చెప్పుకోవాలి. నగోయా కోట ప్రధాన భవనం 1945 మే నెలలో వైమానిక దాడిలో కాలిపోయింది. అదే ఏడాది ఒకయమా కోట తగలబడింది, హిరోషిమా కోట అణుబాంబుకు కూలింది. ఆ యుద్ధం ఇలాంటి ఏడు ప్రధాన భవనాలను మింగేసింది. ఈ రోజు జపాన్‌లో పాత కాలపు ప్రధాన భవనం నిజంగా నిలిచి ఉన్న కోటలు పన్నెండే. నగోయా, ఒసాకా లాంటి చోట్ల కనిపించే బురుజులు 20వ శతాబ్దపు కాంక్రీటువి. హిమేజీలో మాత్రం యుద్ధ కాలంలో తెల్లని గోడలు విమానాలకు ఆనకుండా నల్లటి వలలు కప్పారు. మొదట చెప్పుకున్న ఆ రాత్రి వలలు ఎంత పని చేశాయో, అంటుకోని బాంబు ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం కష్టం.

వాలుతున్న కోట

యుద్ధం దాటిన కోటకు మరో జబ్బు ఉంది. అది పాతదే. భవనం ఆగ్నేయం వైపు వాలుతోంది. దీని మీద ఊళ్ళో ఒక విషాద కథ కూడా పుట్టింది. కట్టడం పూర్తయ్యాక పెద్ద వడ్రంగి తన భార్యను తీసుకొచ్చి చూపించాడట. బాగుంది గానీ కొంచెం వాలినట్టుందని ఆమె అన్నదట. ఆడమనిషి కంటికి కూడా కనిపించేంత తప్పు చేశానా అని కుమిలిపోయి, ఆయన ఉలి నోట కరుచుకుని పైనుంచి దూకేశాడట.

కథలోని వడ్రంగి నిర్దోషి అని 20వ శతాబ్దంలో తేలింది. వాలు నిజమే. పైకొసన అది దాదాపు 40 సెంటీమీటర్లు. దాదాపు 25 మీటర్ల స్తంభానికి 40 సెంటీమీటర్లంటే కోణం ఒక డిగ్రీకి కాస్త తక్కువ. పీసా గోపురం వాలు సుమారు 4 డిగ్రీలు కాబట్టి ఇది చిన్నదే అనిపించవచ్చు. కానీ తప్పు చెక్క పనిది కాదు, అడుగున ఉన్న పునాది రాళ్ళు కుంగడం వల్ల వచ్చింది. స్తంభాల బరువు కింద ఒకవైపు రాళ్ళు ఎక్కువగా, మరోవైపు తక్కువగా దిగాయి.

ఇక్కడ ఒక భౌతిక సూత్రం పనిచేస్తుంది. భవనం ఒకవైపు వాలితే దాని గరిమనాభి కూడా అటు జరుగుతుంది. అప్పుడు ఆ వైపు పునాది మీద భారం ఇంకా పెరుగుతుంది. భారం పెరిగితే అది ఇంకా కుంగుతుంది. కుంగితే ఇంకా వాలుతుంది. ఫలితమే మళ్ళీ కారణంగా మారే ఇలాంటి వలయం మొదట చాలా నెమ్మదిగా నడుస్తుంది, ఒక హద్దు దాటాక ఆపడం కష్టం. పైనుంచి ఊతాలు, అడ్డకర్రలు పెడితే వలయం నెమ్మదిస్తుందే తప్ప తెగదు. తెగాలంటే పునాది దగ్గరికే వెళ్ళాలి. పునాది దగ్గరికి వెళ్ళాలంటే పైనున్న 5,700 టన్నుల చెక్క, మట్టి, పెంకులను తీసెయ్యాలి.

1956 నుంచి 1964 దాకా సరిగ్గా అదే చేశారు. ప్రధాన భవనాన్ని పూర్తిగా విప్పేశారు. ప్రతి దూలానికీ, ప్రతి స్తంభానికీ గుర్తు వేసి, కొలతలు రాసుకుని దించారు. కుంగిన రాళ్ళను తొలగించి వాటి స్థానంలో ఉక్కు కాంక్రీటు పునాది వేశారు. తవ్వకంలో హిదెయొషి కట్టిన పాత కోట ఆనవాళ్ళు కూడా బయటపడ్డాయి. తీసేసిన పాత పునాది రాళ్ళను పారేయలేదు. అవి ఏ వరుసలో ఉండేవో అదే వరుసలో కోట ఆవరణలో పరిచి ఉంచారు.

విప్పినప్పుడు తూర్పు స్తంభం గట్టిగానే ఉంది. కింది భాగం మరమ్మతు చేసి మళ్ళీ వాడారు. పడమటి స్తంభం లోపల కుళ్ళిపోయింది. దాన్ని మార్చక తప్పలేదు. అంత పొడవున్న, అంత మందమున్న, వంకర లేని చెట్టు కోసం వెతుకులాట మొదలైంది. కిసొ కొండ అడవుల్లో హినొకి చెట్టు దొరికింది. హినొకి అంటే జపాన్ సైప్రస్, కుళ్ళుకు, చెదకు బాగా తట్టుకునే కలప. కానీ ఆ చెట్టు కోటకు చేరేలోపే విరిగిపోయింది. అప్పుడు హిమేజీకి దగ్గర్లోని కసగత దేవాలయం తన ఆవరణలోని చెట్టును ఇచ్చింది. చివరికి రెండు చెట్లను అతికి ఒక స్తంభం చేశారు. విచిత్రమేమిటంటే, 1609 నాటి పాత పడమటి స్తంభం కూడా మూడో అంతస్తు దగ్గర అతికిందే. ఆనాటి వడ్రంగులకు ఎదురైన చిక్కే వీళ్ళకూ ఎదురైంది, జవాబూ అదే దొరికింది.

భూకంపం, ఒక జాగ్రత్త

1993లో యునెస్కో హిమేజీ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్ నుంచి మొదటిసారి చోటు దక్కించుకున్న స్థలాల్లో ఇది ఒకటి. మరి రెండేళ్ళకే, 1995 జనవరి 17న, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని కోబే నగరాన్ని భూకంపం కుదిపేసింది. 6,400 మందికి పైగా చనిపోయారు. హిమేజీ కోటకు పెద్ద నష్టమేమీ జరగలేదు.

దీన్ని చూసి పాత వడ్రంగుల పని భూకంపాన్ని జయించిందని రాయడం సులువు. కానీ హిమేజీలో నేల కదలిక కోబేలో కంటే చాలా తక్కువ. పైగా అప్పటికి కోట పాదాల కింద కాంక్రీటు ఉంది. కాబట్టి కోట ఒక పరీక్ష నెగ్గిందనవచ్చు గానీ, అది అన్నిటికంటే కఠినమైన పరీక్ష అనలేం. 2016లో కుమమొతొ కోట దగ్గరే భూకంపం వచ్చినప్పుడు అక్కడి ప్రసిద్ధ రాతి గోడలు చాలాచోట్ల కూలిపోయాయి. అదే తరహా జిగురు లేని రాతి గోడలు హిమేజీలోనూ ఉన్నాయి. వారసత్వ కట్టడాల విషయంలో ఇన్నాళ్ళు నిలిచింది కదా అన్న ధీమా ఎంత ప్రమాదమో ఈ రెండు కోటలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మరీ తెల్లగా ఉందే!

సున్నపు పూత శాశ్వతం కాదు. వాన, ఎండ, గాలిలోని తేమ దాన్ని తింటాయి. బూజు పట్టి నల్లబడుతుంది. అందుకే 2009లో మరో పెద్ద మరమ్మతు మొదలైంది. ఈసారి భవనాన్ని విప్పలేదు. కప్పు మీది దాదాపు 75 వేల పెంకులను దించి, ఒక్కొక్కటే పరీక్షించి, బాగున్నవాటిని మళ్ళీ వాడారు. పూతలు తీసి కొత్తవి వేశారు. భూకంపాలకు తట్టుకునేలా లోపల కొంత బలపరిచారు. పని సాగినంత కాలం కోట చుట్టూ మరో భవనమే లేచింది. అందులో లిఫ్టు పెట్టి, పైకప్పు పనిని జనం అద్దాల వెనుక నుంచి చూసే ఏర్పాటు చేశారు. అంతకుముందు ఎవరికీ దక్కని అవకాశమది.

2015 మార్చి 27న తెర తీస్తే, చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మరీ తెల్లగా ఉందని పెదవి విరిచారు. మరీ తెల్ల కోట అని ముద్దుపేరు కూడా పెట్టారు. వాళ్ళకు తెలిసిన కోట బూడిద రంగుది. కానీ ఆ బూడిద రంగు బూజుది, కాలానిది. పెంకుల సందుల్లో కొత్త సున్నం తళతళలాడటమే కోట అసలు రూపం. ఊహించినట్టే కొన్నేళ్ళకు ఆ తెలుపు మళ్ళీ తగ్గసాగింది.

ఇది అదే కోటేనా?

పడమటి స్తంభం కొత్తది. పునాది కాంక్రీటు. పూత నిన్నమొన్నటిది. పెంకుల్లో ఏ శతాబ్దానివి ఆ శతాబ్దానివి. కోట ఏలిన వేర్వేరు వంశాల చిహ్నాలు వాటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి. మరి దీన్ని 1609 నాటి కోట అనవచ్చా?

రాతి కట్టడాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో అసలైనది అంటే పాత పదార్థం అనే అర్థం. చెక్క కట్టడాల దేశంలో ఆ కొలమానం పనిచేయదు. చెక్కను మార్చకపోతే భవనమే ఉండదు. ఈ చర్చ జరగాల్సిన చోటే జరిగింది. 1994లో జపాన్‌లోని నరా నగరంలో నిపుణులు సమావేశమై ఒక పత్రం తయారు చేశారు. అసలుదనాన్ని పదార్థంతోనే కాక ఆకృతి, వాడుక, పనితనం, సంప్రదాయం వంటి వాటితో కూడా, ఆయా సంస్కృతుల దృష్టితో అంచనా వేయాలని అది చెప్పింది. 2020లో యునెస్కో జపాన్ చెక్క కట్టడాల సంరక్షణ నైపుణ్యాలనే మానవాళి వారసత్వంగా గుర్తించింది. అందులో వడ్రంగం ఉంది, పెంకు పని ఉంది, గోడ పూత పని ఉంది. అంటే కోటతో పాటు, కోటను బాగుచేసే చెయ్యి కూడా వారసత్వమే.

ఈ మాట మనకు బాగా పనికొస్తుంది. మన దేశంలోనూ సున్నంతో కట్టిన కోటలు, మండపాలు, పాత ఇళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటికి పగులు వస్తే సిమెంటు పూయడం సులువైన అలవాటు. కానీ సున్నపు గోడ తేమను పీల్చి, మళ్ళీ వదులుతుంది. దాని మీద బిరుసైన సిమెంటు పొర వేస్తే తేమ బయటకు పోయే దారి మూసుకుపోతుంది. లోపలే చిక్కుకున్న నీరు, దానిలోని లవణాలు కలిసి పాత గోడను లోపలి నుంచి తింటాయి. కొన్నేళ్ళకు సిమెంటు పెచ్చు పాత సున్నాన్ని కూడా పట్టుకుని ఊడిపడుతుంది. సరైన సున్నం కలపడం తెలిసిన మేస్త్రి దొరక్కపోవడం అనేది చిన్న కొరత కాదు. అది కట్టడానికి పునాది కుంగడం లాంటిదే, బయటకు వెంటనే కనిపించదంతే.

హిమేజీ కోటను నిలబెట్టింది ఏది అని అడిగితే ఒక్క పేరు చెప్పలేం. మండని సున్నం, ఒరుసుకునే కుసులు, నీరు వదిలే రాతి గోడ, లాభం రాని వేలం, ఒక సైనికుడి అర్జీ, అంటుకోని బాంబు. వీటన్నిటి తర్వాత కూడా, ప్రతి తరంలో ఎవరో ఒకరు కప్పెక్కి పెంకులు దించి, సున్నం కలిపి, మళ్ళీ పూయాల్సిందే. ఆ కప్పు మీద తెలుపు మాసిపోతున్న ప్రతిసారీ కోట అడిగేది ఒకటే: ఈ పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారా?